నా ఎడమ పక్కకి వచ్చిన కాక్‌లు

షటిల్ డబుల్స్ ఆడేవాళ్ల మధ్య తగాదాలన్నీ కోర్టు నడిమధ్యనే పుడతాయి. అంచుల్లోకి వచ్చిన కాక్ ఎవరు తీయాలో అందరికీ తెలుసు. ఇద్దరి మధ్యకి వచ్చిందే ఎవరిదో తేలదు. ఇద్దరూ వదిలేస్తే "నువ్వు తీస్తావనుకున్నా" అని ఒకరినొకరు నిష్ఠూరాలాడుకుంటారు. ఇద్దరూ తీయబోతే బ్యాట్లు కొట్టుకుంటాయి. మా నరసరావుపేటలో ఈ కారణానికి ఏడాదిపాటు మాటలు మానేసిన బావాబామ్మర్దుల్ని నేనెరుగుదును. వాళ్లని చూసి నవ్వినవాణ్ణే, గడిచిన వేసవిలో నేనూ అదే కారణానికి నా జోడీని పదిమంది ముందు తిట్టి వదిలేశాను.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. సర్వీసు ఇంకా మూడేళ్లుంది. కోపం నాకు ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ అంటుంది గానీ, అక్కడిదాకా ఎక్కే ఓపిక కూడా దానికి లేదు, నాలుక మీదే కూర్చుని ఉంటుంది. పొద్దున ఆరింటికి షటిల్, ఎనిమిదిన్నరకి బండి మీద ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఊరి బడి. పదేళ్లుగా ఇదే వరస. మేం ఆడేది ఒకప్పుడు మిరపకాయలు నిల్వ చేసిన రేకుల గోడౌనులో. నేల మీద పచ్చటి మ్యాట్లు పరిచి రెండు కోర్టులు గీశారు. ఘాటు మాత్రం గోడల్ని వదిలిపెట్టలేదు. కొత్తగా వచ్చినవాడు మొదటి గేమంతా తుమ్ముతూనే ఆడతాడు.

నా జోడీ ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. ఇప్పుడు నలభై దాటాయి. వినుకొండ రోడ్డులో వాళ్ల నాన్న పెట్టిన ట్రాక్టర్ల రిపేరు షెడ్డు అతనే చూసుకుంటున్నాడు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడని రైతులకి గురి. బడిలో నా చేత తిన్న దెబ్బలు నాకు గుర్తులేవు గానీ అతనికి లెక్కతో సహా గుర్తున్నాయి. నవ్వుతూనే చెబుతాడు. అయినా ఇప్పటికీ నా ఎదురుగా కుర్చీలో కూర్చోడు. రంజాన్ నెలలో తను పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఆడుతూ కూడా గేము అవగానే నా సీసా మూత తీసి నా చేతికిస్తాడు. కోర్టులో అందరూ "నాది" అని ఒక్క కేక పెట్టి కాక్ తీస్తారు. ఇతను "సార్, నేను తీస్తా సార్" అని మర్యాదగా మనవి చేసుకునేసరికి అది కింద పడి ఉండేది. కొన్నాళ్లకి ఆ మనవి మానేసి, చెప్పకుండానే తీయడం నేర్చుకున్నాడు.

అవతలివాళ్లు స్మాష్‌లు కొడుతున్నప్పుడు ఇద్దరం పక్కపక్కన నిలబడి చెరో సగం కాసుకుంటాం. అతను ఎడమ సగం, నేను కుడి సగం. మధ్యకి వచ్చింది అతనిది. కుడిచేతివాటం వాడు కాబట్టి అటు అతని చెయ్యి సులువుగా అందుతుంది. నా ఒంటి మీదికి వచ్చింది మాత్రం నాదే. ఈ ఒప్పందంతో అయిదేళ్లు ఆడాం. మా ఇద్దరి డిఫెన్స్ దాటి పాయింటు తెచ్చుకోవాలంటే అవతలివాళ్లకి చొక్కాలు తడిసిపోయేవి. ఆ మాట వాళ్లే అనేవాళ్లు.

దసరా సెలవుల తర్వాత నుంచీ అతను ఒప్పందం తప్పాడు. మధ్య కాక్‌లతో ఊరుకోకుండా నా ముందుకి చెయ్యి చాపి, నా ఎడమ తొడ దగ్గరికి వచ్చేవాటిని కూడా తీసెయ్యడం మొదలుపెట్టాడు. తీసినవన్నీ చక్కగా అవతల పడేవి. చూసేవాళ్లు "శభాష్" అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కోర్టు వెడల్పు ఇరవై అడుగులు, నా వాటా పది. లెక్కల మాస్టారిని కదా, ఒకరోజు మనసులోనే కొలిచి చూస్తే నాకు ఆరో ఏడో మిగిల్చాడని తేలింది.

"ఒరేయ్, నా వాటా నాకొదిలెయ్యరా. నేనింకా బతికే ఉన్నా" అన్నాను.

"సరే సార్" అన్నాడు. తర్వాతి పాయింటుకి మళ్లీ నా ముందే ఉన్నాడు.

ఎన్నిసార్లు చెప్పినా "సరే సార్" అనేవాడు, మళ్లీ వచ్చేవాడు. నాకు వయసైపోయిందని, నన్ను మూలన నిలబెట్టి ఆటంతా తనే ఆడుకుంటున్నాడని నిశ్చయించుకున్నాను. ఒకప్పటి శిష్యుడు కాబట్టి ఆ మంట ఇంకా ఎక్కువైంది.

మార్చి నెలాఖరులో ఒక ఆదివారం, పందొమ్మిది పందొమ్మిది మీద ఉన్నాం. అవతల బట్టల కొట్టు యజమాని, అతని బావమరిది. స్మాష్ వచ్చింది. కాక్ ఎటు వచ్చిందో నేను చూడలేదు. నా జోడీ ఇటు కదలడం చూసి, మళ్లీ నా వాటాలోకి వస్తున్నాడన్న ఉక్రోషంతో నేనూ చెయ్యి విసిరాను. రెండు బ్యాట్లూ ఫెడీమని కొట్టుకున్నాయి. నా బ్యాటు విరిగి తల వేలాడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకు ఎక్కాలు నేర్పింది నేను. ఇవాళ నా పక్కన నిలబడి నాకే ఆట నేర్పుతున్నావా? ముసలోడు ఎటూ తీయలేడని చాటింపు వేస్తన్నావా? రేపట్నుంచి నీ జోడీని నువ్వు చూసుకో, నా జోలికి రాబాక" అని గోడౌను దద్దరిల్లేటట్టు అరిచాను. పక్క కోర్టులో ఆట కూడా ఆగిపోయింది. అతను తల వంచుకుని నా బ్యాటు పెచ్చులు ఏరుతున్నాడు. ఏరి, కవర్లో పెట్టి, నా సంచి పక్కన ఉంచి "తప్పయింది సార్" అని వెళ్లిపోయాడు. ఇన్ని మాటలు పడి ఒక్కమాటైనా ఎదురు చెప్పని మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు.

మర్నాటి నుంచి బట్టల కొట్టు యజమానిని జోడీగా పెట్టుకున్నాను. అతనికీ నాకూ ఒకటే వయసు. తానులోంచి గుడ్డ కొలిచినట్టు కోర్టు కొలిచి ఆడతాడు. తన సగంలో వేలెడు కూడా వదలడు, నా సగంలోకి వేలెడు కూడా రాడు. ఇదీ జోడీ అంటే అనుకుని సంతోషించాను. ఆ సంతోషం ఒక గేముకి కూడా చాల్లేదు.

మొదటి స్మాష్ నా ఎడమ తొడకి తగిలింది. వేగంగా వచ్చిందనుకున్నాను. రెండోది మోకాలి పక్కన పడింది. మూడోది మళ్లీ తొడకే. నాలుగో దానికి అవతలివాళ్లు కిటుకు పట్టేశారు. ఇక అన్నీ అక్కడికే. నేను బ్యాటు పట్టుకుని గుంజలా నిలబడటం, కాక్ వచ్చి తొడకి తగలడం, కింద పడ్డాక దాన్ని వెతుక్కోవడం. ఇదే ఆట.

"ఏంది మాస్టారూ, కాక్ వచ్చి తొడకి తగిలిందాకా అట్టా నిలబడ్డారు? కనపడట్లేదా ఏంది?" అన్నాడు కొత్త జోడీ.

"ఈ లైట్లు ఏడ్చినట్టున్నాయి" అన్నాను. లైట్లు ఎప్పటివే.

వారం తిరగకముందే అతను మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పుకున్నాడు. మర్నాడు ఇంకొకరితో చక్కగా గెంతులేస్తూ ఆడుతుంటే చూశాను. నేను బెంచీ మీద కూర్చుని లేసులు కట్టుకుంటూ విప్పుకుంటూ కాలక్షేపం చేసి ఇంటికొచ్చాను.

ఆ పొద్దున్నే ఇంట్లో కాఫీ గ్లాసు తన్నేశాను. "గ్లాసు అంచున పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని మా ఆవిడ మీద ఎగిరాను.

"అంచునెక్కడ పెట్టాను? నట్టనడుమ పెట్టాను. ఎడం చేతి పక్క ఏది పెట్టినా పడేస్తన్నారు మీరు. ఈ నెల్లో ఇది మూడోది" అంది ఆవిడ, నేల తుడుస్తూ.

ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. దిగింది బడికి వెళ్లే దారిలో. చేల మధ్య రోడ్డు. ఎడమ పక్క నుంచి పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని ఒకామె రోడ్డెక్కింది. ఆమె నాకు కనపడలేదు. "ఓయయ్యో" అన్న కేక విని బండి కుడికి కోసి మట్టిలోకి దింపేశాను. మోపు రోడ్డు మీద పడింది. ఆమెకి ఏమీ కాలేదు. "ఎదురుగా వస్తన్న మనిషి కనపడదా? కళ్లు యాడ పెట్టుకున్నావయ్యా?" అని దులిపేసింది. ఎదురు సమాధానం లేకుండా ఒకరి చేత తిట్లు తినడం నా జీవితంలో అదే మొదలు. మోపు ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను.

ఆమె వెళ్లాక బండి స్టాండు వేసి, అరచేత్తో కుడికన్ను మూసుకున్నాను. ఎడమ కంటితో రోడ్డుని చూశాను. కింద ఉండాల్సిన బండి హ్యాండిల్ లేదు. నల్లగా కూడా లేదు, చీకటీ లేదు. అసలు ఆ చోటే లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో నాకు తెలియదు. కుడికన్ను తెరవగానే, ముక్కు అడ్డమొచ్చే ఎడమ కింది మూల తప్ప అన్నీ వచ్చేశాయి, ఇన్నాళ్లూ నన్ను మోసం చేసినట్టుగానే. మా నాన్న చివరి ఏళ్లలో గోడ పట్టుకుని నడిచేవాడు. పెద్దతనం అనుకున్నాం. ఎవరమూ ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ఆ గోడ నా కళ్లముందు నిలబడింది.

బడికి సెలవని ఫోన్ చేసి, బండి నెమ్మదిగా తోలుకుంటూ ఊళ్లోకి వచ్చాను. ఇంటికి పోలేదు, ఆస్పత్రికీ పోలేదు. సరాసరి వినుకొండ రోడ్డులోని షెడ్డుకి పోయాను. అతను నా వాటాలోకి ఎందుకు వచ్చేవాడో నాకు దారిలోనే అర్థమైంది.

నన్ను చూడగానే ఇంజను కింద నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు. కుర్చీ దులిపి వేశాడు. తను నిలబడే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసురా నీకు?" అన్నాను.

ఏ సంగతి అని అడగలేదు. "దసరా అయిన కాణ్ణుంచి సార్. మీ ఎడం కాలు పక్కన పడే కాక్ మీరు చూట్టం లేదు. ముందు కాలు నొప్పేమో అనుకున్నా. ఓ రోజు నీళ్ల సీసా మీకు ఎడం పక్కన పెట్టి చూశా. పక్కనే పెట్టుకుని మీరు చానాసేపు ఎతుక్కున్నారు."

"మరి చెప్పడానికేం రోగం?"

"ఎట్టా చెప్పాల సార్? మీకు కళ్లు కనపడట్లా అని మీ మొహం మీద నేనెట్టా అనేది? అందరి ముందూ మీరు చిన్నబోకూడదు, ఆ నాలుగూ నేను తీసేస్తే సరిపోద్దిలే అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అలవాటు కొద్దీ కోపమే ముందు బయటపడింది. "ఒరేయ్ పిచ్చోడా, కాక్ అయితే నువ్వు తీస్తావు. రోడ్డు మీద లారీ వస్తే ఎవడు తీస్తాడ్రా?"

అతని మొహంలో రక్తం లేకుండా పోయింది. నేను రోజూ నలభై కిలోమీటర్లు బండి తోలతానన్న సంగతి అప్పుడు తట్టినట్టుంది. రోడ్డు మీద జరిగింది చెప్పాను. వింటూ వింటూనే లోపలికి పోయి చొక్కా మార్చుకొచ్చాడు. ఇంజను విప్పినది విప్పినట్టే వదిలేసి, "పదండి సార్ గుంటూరు" అని షట్టర్ లాగేశాడు. నా బండి తాళం చెవి నన్ను అడక్కుండానే తన జేబులో వేసుకున్నాడు.

బస్సులో నన్ను సీట్లో కూర్చోబెట్టి తను కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నాకు భయమేసింది, దాచడమెందుకు. ఉన్న మూడేళ్ల సర్వీసు, నల్లబల్ల, పిల్లల నోటుపుస్తకాలు, అన్నీ ఒక్కొక్కటే తలలోకి వచ్చి పోతున్నాయి. కుడికన్ను కూడా ఇలాగే పోతే అన్నం ఎక్కడుందో మా ఆవిడ చెయ్యి పట్టి చూపించాలి. ఆవిడకి ఫోన్ చేసి "పని మీద గుంటూరు పోతన్నా" అని మాత్రం చెప్పాను.

కళ్లాస్పత్రిలో గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. లోపల చిన్న చిన్న లైట్లు వెలుగుతాయి, కనపడినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. కుడికన్ను బాగానే నడిచింది. ఎడమ కన్ను వంతు వచ్చాక కొన్ని లైట్లు వచ్చి ఆగిపోయాయి. చాలాసేపు చూసి, "యంత్రం ఆగిందేమో చూడమ్మా" అన్నాను అక్కడున్న అమ్మాయితో.

"నడుస్తానే ఉంది సార్" అంది ఆ అమ్మాయి మెల్లగా. ఆ రోజంతటిలో నన్ను ఎక్కువ భయపెట్టిన మాట అదే.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. కాగితం మీద నా ఎడమ కంటి బొమ్మ చూపించింది. కింది సగం నలుపు. నీటి కాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపుని అంచుల నుంచి నొప్పి లేకుండా తినేసే జబ్బట. పోయింది తిరిగి రాదంది. అక్కడ ఆగి నీళ్లు తాగింది. ఆ గుక్క నీళ్లు లోపలికి దిగేంతసేపట్లో నేను ముసలివాణ్ణి అయిపోయాను.

"కానీ నడిమధ్య చూపు ఇంకా బాగుంది. కుడికన్ను దాదాపు తాకలేదు. చుక్కల మందు రోజూ తప్పకుండా వేసుకుంటే ఉన్నదాన్ని కాపాడొచ్చు. చాలామంది ఇంతకంటే ఆలస్యంగా వస్తారు" అంది.

ఒక్క నిమిషం పాటు నాకు ఏమీ వినపడలేదు. చదవగలను, పాఠం చెప్పగలను, మా ఆవిడ మొహం చూడగలను. ప్రాణం లేచి వచ్చింది. నా జోడీ మాత్రం కదల్లేదు. తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, ఒక మాట. నాకు ఆర్నెల్ల కిందటే తెలుసు. నేను చెప్పలేదు. ఆ ఆర్నెల్లలో సార్‌కి ఎంత పోయింది?" అని అడిగాడు.

డాక్టరు అతని వంక చూసింది. "ఇది ఏళ్ల తరబడి జరిగిన నష్టం. ఆర్నెల్లలో పెద్ద తేడా వచ్చి ఉండదు. అయినా ఇంకెప్పుడూ ఎవరి విషయంలోనూ ఇలా దాచొద్దు" అంది.

అతను తల ఊపి బయటికి పోయాడు. మందుల చీటీ తీసుకుని నేను వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని రుమాలులో మొహం దాచుకుని ఉన్నాడు. ఇరవై అయిదేళ్లలో నా ఎదుట అతను కూర్చోవడం అదే మొదటిసారి. నేనూ పక్కన కూలబడ్డాను. "తప్పు నాది కూడా లేరా. నాతో నిజం చెప్పాలంటే మనిషికి కవచం కావాలి" అన్నాను. ఏడుస్తూనే నవ్వాడు. అతను అంత బాగా కాసుకోకపోతే నా జబ్బు ఎప్పుడో బయటపడేది. నేను అంత అన్యాయంగా తిట్టి వదిలేయకపోతే ఎప్పటికీ బయటపడేది కాదు. నా కోపం పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి పనికొచ్చింది. ఈ మాట ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఇదే సాకుగా ఇంకా అరవబాకండి" అంది.

చుక్కలు ఒక్కపూట తప్పలేదు. నెలకి ఒత్తిడి దిగిందన్నారు. బండి అమ్మేసి బస్సులో బడికి పోతున్నాను. ఆరు నెలలకి మళ్లీ గిన్నె యంత్రం ముందు కూర్చోబెట్టారు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి డాక్టరు వేలితో చూపించింది. నలుపు ఎక్కడిది అక్కడే ఉంది, గీత కూడా జరగలేదు. ఆట ఆడుకోవచ్చా అని అడిగితే, తప్పకుండా ఆడమంది.

మర్నాడు గోడౌనుకి పోయి అందరినీ పిలిచాను. "నా ఎడమ కంటికి కింది పక్క కనపడదు. ఇతను నా వాటాలోకి వచ్చింది అందుకే. ఆ రోజు నేను అన్న మాటలు తప్పు" అని చెప్పేశాను. పది కిలోల బరువు దిగినట్టు తేలిగ్గా ఉంది. ఆట మొదలైంది.

రెండు పాయింట్లు అయ్యేసరికి నాకు అర్థమైంది. ఎవరూ నా ఎడమ పక్కకి కొట్టడం లేదు. బట్టల కొట్టు యజమాని సులువుగా చేతికందిన కాక్‌ని కూడా బలంగా కొట్టకుండా నా కుడిచేతికి అందేటట్టు పువ్వులా వేస్తున్నాడు. జాలి పడుతున్నారు. నాకు మళ్లీ నోరు లేవబోయింది. ఈసారి నాకంటే ముందు నా జోడీ నెట్ దగ్గరికి నడిచాడు.

"ఏందన్నా ఇది? అట్టా వేస్తే సార్ ఇంక ఈడికి రారు. ఎప్పట్లాగే కొట్టండి, సార్‌కి ఎడం పక్కనే కొట్టండి. ఆడ నేనున్నా" అన్నాడు.

తర్వాతి పాయింటుకి కాక్ పైకి లేచింది. బట్టల కొట్టు యజమాని ఎగిరి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నా ఎడమ పక్కకి కొట్టాడు. నేను అటు తిరగలేదు. నా కుడి పక్క నేను చూసుకుంటూ నిలబడ్డాను. కాక్ అవతల పడ్డ చప్పుడు వినపడింది.